అప్ప అంటే ఓయ్ అన్నవాళ్ళం

ఈ పనిలో కొత్తగా చేరిన ఆడపిల్లలు మొదటి వారంలోనే నన్ను పక్కకి పిలిచి అడిగేవారు: "జైనబమ్మా, ఈ పిల్లలకి మనం చెప్పేది అర్థమవుతుందా?" ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ "అవుతుందమ్మా" అనే చెప్పాను. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక, మేం ఎప్పుడూ ఆ ఒక్క వైపు నుంచే అడిగామని తెలిసింది. వాళ్ళు చెప్పేది మనకి అర్థమవుతుందా అని ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

ఎవరూ లేని, ఒళ్ళు సహకరించని పిల్లల్ని పెంచే హోంలో నా వయసంతా గడిచింది. అక్కడి పనిలోకి ఇప్పుడు వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడు జీతం పెరిగింది, ఎవరు శాలువా కప్పారు, అవేవీ ఇందులో లేవు. ఎక్కువగా ఒక పిల్ల గురించే ఉంటుంది.

వచ్చిన దారి

నేను బడికి వెళ్ళలేదు. రేవు దగ్గరి పాతపట్నంలో మా ఇంటి ముందుగదే మా నాన్న బైండింగ్ షాపు. కుట్టడానికి వచ్చిన పుస్తకాల అచ్చు ఫారాలు ముందేసుకుని ఆయనే నాకు తెలుగు అక్షరాలు నేర్పాడు. ఖురాన్ చదవడం, బట్టలు కుట్టడం అమ్మ నేర్పింది. బైండింగ్ అయిపోగానే పుస్తకం వెళ్ళిపోయేది కాబట్టి ఏ కథా మొదటి నుంచి చివరి దాకా చదవలేదు. మధ్య పేజీలు మాత్రం చాలా చదివాను. తర్వాత హోంకి వచ్చిన పిల్లల్ని చూస్తే నాకు అవే గుర్తొచ్చేవి. ముందు పేజీలు ఎక్కడో ఉండిపోయేవి. మా చేతికి మధ్య నుంచి అందేవారు.

అక్కడికి నేను వెళ్ళింది కుట్టుపనికి. చేతులు బిగుసుకుపోయిన పిల్లలకి మామూలు గౌను తొడగలేం. భుజం విరిచినట్టవుతుంది. వీపు మొత్తం తెరిచి, నాడాలు పెట్టి కుట్టాలి. ముందు నుంచి చేతులు దూర్చి వెనక ముడి వేస్తే పిల్లకి నొప్పి తెలియదు. ఆ గౌన్లు కుడుతుండగా ఒకరోజు ఒక ఆయా రాలేదు. "జైనబూ, మిషను ఆపి వీడికి కాస్త నీళ్ళు పొయ్యి" అన్నారు సూపరింటెండెంట్ రాజేశ్వరి గారు. పోశాను. మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళడానికి తీరిక దొరకలేదు. అల్లా దయ, అన్నం పెట్టే పని ఇచ్చాడు.

హోం రైల్వే యార్డుకి దగ్గర. పొద్దున్న ఆరేసిన బట్టలు మధ్యాహ్నానికి రేవు బొగ్గు నుసితో బూడిదరంగు తేలేవి. గూడ్సు బండ్ల కూత గోడ పక్కనుంచే వినిపించేది. బట్టలు మడతపెట్టే గదిలో, ఆ మడతల మధ్యే నేను నమాజు చేసుకునేదాన్ని. ఎవరూ వద్దనలేదు. దానికి అందరికీ రుణపడి ఉన్నాను.

అన్నం, పిలుపు

ఈ పనిలో ముందు నేర్వాల్సింది అన్నం పెట్టడం. జాలిపడటం దానంతట అదే వస్తుంది, దానికి శిక్షణ అక్కర్లేదు. పిల్లని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి వాలకుండా చేయి ఆనించి, చిన్న చెంచాతో పెట్టాలి. మింగింది అని గొంతు కదిలి చెప్పేదాకా రెండో చెంచా ఎత్తకూడదు. తల వెనక్కి వాల్చి పోస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్ల దగ్గదు, ఏడవదు. తర్వాత జ్వరం వస్తుంది. మా దగ్గర పోయిన పిల్లల్లో ఎక్కువమంది అలాంటి నెమ్ముతోనే పోయారు. ఆకలితో ఎవరూ పోలేదు.

ఒకసారి స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్ నుంచి ఒక జంట, కొడుకు పుట్టినరోజని లడ్డూలు పట్టుకుని వచ్చారు. ఆవిడ లడ్డూ చిదిపి మా పిల్ల నోటికి అందించబోతుంటే రాజేశ్వరి గారు అడ్డు వెళ్ళారు.

"మా చేత్తో పెడితేనే కదండీ పుణ్యం!" అంది ఆవిడ చిన్నబుచ్చుకుని.

"పుణ్యం మీకూ, పొలమారడం దానికీనా? బాబు పేరు చెప్పి నేను పెడతాను. మీరు కూర్చుని చూడండి."

ఆ జంట మళ్ళీ రాలేదు. రాజేశ్వరి గారి నోటికి దడిసి రాకుండా పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆవిడ అంటే నాకూ భయమే. కానీ పిల్ల కంటే వచ్చినవాళ్ళ మర్యాద ఎక్కువని ఆవిడ ఒక్కరోజూ అనుకోలేదు. అలాంటి పైవాళ్ళు దొరికితే తిట్లు తిన్నా ఫర్వాలేదు, వదలకండి.

ఆవిడ పెట్టిన ఇంకో నియమం: విన్నవాళ్ళు పలకాలి. పిలిచి పిలిచి జవాబు రాని పిల్ల కొన్నాళ్ళకి పిలవడం మానేస్తుంది. తర్వాత ఏడవడం మానేస్తుంది. నిశ్శబ్దంగా ఉండే హోం చూసి, పిల్లలు ఎంత బుద్ధిగా ఉన్నారో అని సంబరపడేవాళ్ళని చూశాను. అంతకంటే దిగులు పుట్టించే చోటు ఇంకోటి లేదు. అందుకే మా దగ్గర ఏ మూల నుంచి ఏ పిల్ల పిలిచినా, ఎంగిలి చేత్తోనైనా, సబ్బు చేత్తోనైనా, ఎవరో ఒకరు "ఓయ్" అనేవాళ్ళం.

ఇంతకీ పిల్లలు మమ్మల్ని ఏమని పిలిచేవారో చెప్పాలి. ఆయాలందరూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. ఇటు ఊళ్ళలో అక్కని అప్ప అంటారు. మాట వచ్చిన పిల్లలకి మా ఆయాలు మొదట నేర్పే మాట అదే. ఇక మా ఇంట్లో, ఉర్దూలో, అక్కని ఆపా అంటారు. నేను పెద్దదాన్ని. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ నన్ను అలా పిలుస్తూనే పెరిగారు. వాళ్ళ అప్ప, నా ఆపా పిల్లల నోట్లో కలిసిపోయాయి. పెళ్ళి కాని నాకు ఇంటి పిలుపే పనిలో కూడా దొరికింది. దానికి కృతజ్ఞతగా ఎన్ని పూటలు అల్లాకి శుక్రు చెప్పుకున్నానో.

మంచి నియమం, మంచి మాట. పొరపాటు ఆ రెండింటి మధ్య దూరి కూర్చుంది.

దివ్య

ఆమెని తెచ్చినప్పుడు మూడేళ్ళుంటాయేమో. సెరిబ్రల్ పాల్సీ. పుట్టుకలోనే మెదడుకి దెబ్బ తగిలి కాళ్ళూ చేతులూ కొయ్యలా బిగిసి ఉన్నాయి. ఆటోలో తెచ్చినామె, "ఎలమంచిలి స్టేషన్లో దొరికింది. మాట రాదు, పేరు తెలీదు" అని అప్పగించి వెళ్ళింది. ఒక్కతే దొరికిందా అని మేం అడగలేదు. మా దగ్గరికి వచ్చే పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. అదే అలవాటు. రాజేశ్వరి గారు దివ్య అని పేరు పెట్టారు.

మాట రాదన్న పిల్ల రెండో రోజో మూడో రోజో "అప్పా" అంది. మా సంతోషం ఏం చెప్పను! మేం నేర్పకుండానే వచ్చింది. అప్పలకొండ అయితే పిల్లని ఎత్తుకుని వరండా అంతా తిరిగింది. అప్పలకొండ ఆనందపురం దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే ఆయా. గొంతు గేటు దాకా వినిపిస్తుంది, చేయి మాత్రం దూదిలా ఉంటుంది.

దివ్య ఆ ఒక్క మాట తప్ప ఎప్పటికీ ఇంకో మాట నేర్చుకోలేదు. యార్డులో బండి కూత వేస్తే చాలు, మెడ బలవంతాన గేటు వైపు తిప్పి "అప్పా" అనేది. మాలో ఎవరు దగ్గరుంటే వాళ్ళు "ఓయ్" అంటూ వెళ్ళేవాళ్ళం. కూతకి జడుసుకుంటోందని గుండెకి హత్తుకునేవాళ్ళం. మా ముఖం దగ్గరికి రాగానే ఆమె కాసేపు చూసి, తల పక్కకి తిప్పేసుకునేది.

"ఏటే, నువ్వే పిలిసి నువ్వే మొకం తిప్పేత్తావేటే? నాను నచ్చలేదేటి నీకు?" అనేది అప్పలకొండ నవ్వుతూ. "సూడు జైనబమ్మా, ఈ గుంటకి ఎంత పొగరో! పెద్ద జమీందారీ పిల్ల!"

"నీ ముఖంలో సున్నిపిండి వాసన లేదేమో" అనేదాన్ని నేను.

"ఉంటాదేటి? పొద్దల్లా ఫినాయిలే కదా నాను రాసుకునీది."

నవ్వుకునేవాళ్ళం. మళ్ళీ బండి కూసేది, ఆమె పిలిచేది, మేం పలికేవాళ్ళం, ఆమె ముఖం తిప్పుకునేది. ఏళ్ళ తరబడి ఇదే. అర్థం కాని పిల్లని మొండిది అనడం ఎంత సులువో చూడండి. మా పిల్లలు పిలుస్తారు, మేం పలుకుతాం అని వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెప్పేదాన్ని.

గేటు దగ్గర

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. నేను వరండాలో బట్టలు దులిపి మడతపెడుతున్నాను.

"మొన్నొచ్చినప్పుడే సెప్పినాను కదమ్మా. పైడీ లేదు గీడీ లేదు. ఇక్కడ దివ్య, జ్యోతి, ఇలాటి పేర్లే. నువ్వు ఇంకో దగ్గర సూసుకో."

"ఒక్కపాలి లోపలికెల్లి సూసొత్తానండి. కాళ్ళు వంకర ఉంటాయండి దానికి."

"ఇక్కడ అందరికీ అలాగే ఉంటాయి తల్లీ."

అప్పుడే యార్డులో గూడ్సు బండి కూసింది. వరండాలో చాప మీద ఉన్న దివ్య గేటు వైపు మెడ తిప్పి, ఎప్పటిలాగే "అప్పా" అంది.

"ఓయ్! వత్తన్నానే తల్లీ!" అని స్నానాల గదిలోంచి అప్పలకొండ.

"ఓయ్! ఉన్నాను!" అని గేటు బయట నుంచి ఇంకో గొంతు.

రెండు జవాబులూ ఒకేసారి వచ్చాయి. మడత పెడుతున్న చెద్దరు నా చేతిలో అలాగే ఉండిపోయింది. వాచ్‌మన్ అడ్డుకునే లోపే పద్దెనిమిది దాటీ దాటని ఒక అమ్మాయి లోపలికి వచ్చి చాప ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

"నువ్వెవరమ్మా?" అన్నాను.

"నానండీ... నాను దీని అప్పనండి."

అప్పలకొండ తడి చేతులతో గుమ్మంలో నిలబడిపోయింది. ఆ అమ్మాయిని చూసింది, పిల్లని చూసింది. "అయితే ఇన్నాళ్ళూ నన్ను కాదేటి పిలిసింది?" అంది. ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

ఆ అమ్మాయి పేరు నూకరత్నం. మా దివ్య అసలు పేరు పైడితల్లి. రత్నం చెల్లెలి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. పైడి కాసేపు చూసింది. చూసి, మాకు ఎలా తిప్పుకునేదో అలాగే ముఖం పక్కకి తిప్పేసుకుంది.

"నాను తెల్దు దీనికి. మర్సిపోనాది" అంది రత్నం. ఏడవలేదు. బస్సు దాటిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

ఆమె చెప్పింది

మంచినీళ్ళు తాగాక రత్నం చెప్పింది. వాళ్ళమ్మ ఇద్దరినీ తీసుకుని పొద్దున్నే బండెక్కి, ఎలమంచిలిలో దింపింది. గారెలు తెస్తానని వెళ్ళి తిరిగి రాలేదు. రత్నం అప్పటికి రెండో క్లాసు పిల్ల.

"బండ్లు వత్తన్నాయి, ఎల్తన్నాయి. కూత యేత్తే ఇది అదిరిపోయీది. 'అప్పా' అనీది. 'ఓయ్, ఉన్నాను' అనీదాన్ని. అలాగే పొద్దు గూకీసింది. పోలీసులొచ్చి మాటాడినారు. మర్నాడు నన్నో బండిలో ఎక్కించినారు, దీన్నో బండిలో. దీనికి వేరే బడి, నీకు వేరే బడి అన్నారు. సాయంత్రం కలుపుతామన్నారండి."

ఆ సాయంత్రం కోసం ఆమె పెద్దదయ్యేదాకా ఆగింది. ఆమె పెరిగిన ఆడపిల్లల హోంలో ఎవరిని అడిగినా "మీ చెల్లి మంచి చోటే ఉంది" అనేవారట. అది అబద్ధం కాదు. మంచి చోటే. ఇదే ఊళ్ళో, బస్సులో వెళ్ళగలిగినంత దూరంలో.

ఈ విషయంలో నా అభిప్రాయం ఏ మొహమాటం లేకుండా రాస్తాను. నడవగలిగిన పిల్లని ఒక చోటికి, నడవలేని పిల్లని ఇంకో చోటికి పంపించడం ఈ పనిలో నేను చూసిన అన్నిటికంటే పెద్ద అన్యాయం. అందులో దుర్మార్గులెవరూ లేరు. ఎవరి హోం వాళ్ళు శుభ్రంగా నడుపుకున్నారు. ఎవరి పిల్లలకి వాళ్ళు అన్నం పెట్టారు. కన్నతల్లి ఇద్దరినీ ఒక బెంచీ మీదే వదిలింది. విడదీసింది మాత్రం కాపాడిన మనమే.

మీ గుమ్మంలోకి పిల్ల వచ్చిన రోజే అడగండి: ఈమెతో పాటు ఇంకెవరు దొరికారు? తెచ్చినవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఆదివారాలు

రత్నం రొయ్యల కంపెనీలో పనిచేసేది. ఐసులో నానిన రొయ్యల తలలు తీసి, పొట్టు ఒలిచే పని. సెలవు ఆదివారం ఒక్కటే. మొదటి ఆదివారమే రాజేశ్వరి గారి ముందు నిలబడి, "నా సెల్లిని నాకిచ్చియ్యండమ్మగారూ" అంది.

"ఎక్కడుంటావు?"

"నలుగురం కలిసి గది తీసుకున్నామండి. మూడో అంతస్తు."

"పగలు దీన్ని ఎవరు చూస్తారు?"

"నలుగురం కంపెనీకేనండి..." అని ఆగి, "ఈపుకి కట్టుకుని ఎల్లిపోతాను" అంది.

"ముందు అన్నం పెట్టడం నేర్చుకో. మెట్లు లేని గది చూసుకో. అప్పుడు అడుగు" అన్నారు రాజేశ్వరి గారు.

ఆవిడ చెప్పింది న్యాయమే. మూడో అంతస్తు గదిలో పొద్దంతా ఒక్కతే పడుకుని ఉంటే ఆ పిల్ల వారం బతకదు. అయినా రాజేశ్వరి గారి గదిలోంచి రత్నం బయటికి వెళ్ళిన తీరు తలుచుకుంటే, న్యాయమైన మాటలన్నీ ఒక పక్కన పెట్టి ఏదైనా ఇంకో మాట ఉంటే బాగుండుననిపిస్తుంది. ఇన్నేళ్ళలో అలాంటి మాట నాకు దొరకలేదు.

అన్నం పెట్టడం నేర్పించాను. "సేతులు రొయ్యల కంపు కొడతాయండి, పెట్టొచ్చా?" అని మొదటి రోజు చేతులు వెనక్కి దాచుకుంది.

"మావి ఫినాయిల్ కంపు కొడతాయి, రోజూ పెట్టడం లేదా? పట్టుకో చెంచా."

గొంతు కదిలేదాకా ఆగడం ఒక్క పూటలో నేర్చుకుంది. పైడి ఆమె చేతి అన్నం తినేది, ముఖం మాత్రం చూసేది కాదు. కూత వినిపిస్తే ఎదురుగా ఉన్న అక్కని దాటి గేటు వైపే చూసి పిలిచేది. రత్నం "ఓయ్, ఉన్నాను పైడీ" అంటే, ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తోందా అన్నట్టు గోడల మీద వెతికేది. కొన్నాళ్ళకి రత్నం పలకడం మానేసింది. "మీరు పలకండమ్మా, మీరే అలవాటు దానికి" అనేది నాతో. తన చెల్లెలు పిలుస్తుంటే తాను తల వంచుకుని చెంచా కడుక్కునేది.

అప్పలకొండ భరించలేకపోయింది. ఒక ఆదివారం కోప్పడింది. "ఒలే రత్నం, అలా అప్పగారి అత్తోరింటికొచ్చినట్టు కూకుంటావేటి? సిన్నప్పుడు ఎలా ఆడించీదానివి దీన్ని?"

"ఆడించడమేటుందప్పా. ఉప్పుమూటే. నిద్దర లేచిన కాడ్నించీ నా ఈపు మీదే ఉండీది."

"మరి ఎక్కించుకోయే!"

రాజేశ్వరి గారు వద్దన్నారు. తుంటి కీలు జారుతుందని ఆవిడ భయం. ఆ భయమూ నిజమే. నేను కింద కూర్చుని పైడి కాళ్ళు కదలకుండా పట్టుకుంటానని, ఒక్క నిమిషం చాలని బతిమాలి ఒప్పించాను. పెరిగిన పిల్ల, ఎముకలే గానీ పొడుగు. రత్నం వంగింది. అప్పలకొండా నేనూ కలిసి పైడిని ఆ వీపు మీద వాల్చాం.

పైడి ముఖం అక్క జడ పక్కన, మెడ వంపులోకి వెళ్ళి ఆగింది. తిప్పుకోలేదు. ముక్కు ఆ మెడకి రాసుకుంది. ఎప్పుడూ బిగిసి ఉండే వేళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. ఏ కూతా లేకుండా, తనంతట తానే, "అప్పా" అంది.

అప్పుడు అర్థమైంది మాకు. ఆమె తన అక్క ముఖం ఎన్నడూ సరిగ్గా చూసి ఉండదు. ఆమెకి తెలిసిన అక్క ఒక మెడ, ఒక జడ, ఒక వీపు. ఇన్నాళ్ళూ మేం ముఖాలు తీసుకెళ్ళి ముందు పెట్టాం.

మింగిన అన్నానికి గొంతు చూడమని అందరికీ నేర్పాను. పిలిచిన పిల్ల కళ్ళు ఎటు చూస్తున్నాయో చూడమని నాకు తట్టలేదు.

వానలు

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం రత్నం పరిగెత్తుకుంటూ వచ్చింది. "గది దొరికిందమ్మా! కిందే, మెట్లు లేవు. ఇంటోళ్ళ ముసలమ్మ పగలు సూత్తానంది. అమ్మగారికి మీరే సెప్పాలి!"

ఆ మాట అంటున్నప్పుడే పైడి ఒళ్ళు కాలుతోంది. నెమ్ము. ఎంత జాగ్రత్తగా పెట్టినా ఈ పిల్లలకి వస్తుంది. ఎందుకు వచ్చిందని నన్ను నేను చాలా అడుక్కున్నాను. పెద్దాసుపత్రిలో చేర్చాం. డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది, అబద్ధం చెప్పలేదు. ఆ తల్లికి నా దువాలో ఎప్పుడూ చోటుంది.

నాలుగైదు రోజుల తర్వాత, పొద్దున్న డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి ఇక లాభం లేదంది. కంపెనీలో పనివాళ్ళ ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. హోంకి ఫోన్ చేసి వాచ్‌మన్ని అక్కడికి పంపాను. రత్నం తలకి కట్టిన ప్లాస్టిక్ టోపీతోనే వచ్చేసింది. మంచానికి ఇటు నేను, ఎదురుగా రత్నం కూర్చున్నాం. పైడి కళ్ళు మూసి ఉన్నాయి. కాసేపటికి పెదవులు కదిలాయి. గాలి తప్ప గొంతు లేదు. అయినా మాకు తెలుసు అది ఏ మాటో.

రత్నం నా వైపు చూసింది. "మిమ్మల్నేనమ్మా. పలకండి."

ఆ పిలుపు వినపడితే ఆగే నోరు కాదు నాది. నాలుక చివరికి వచ్చింది. పళ్ళ మధ్య బిగపట్టాను.

"నన్ను కాదమ్మా" అన్నాను. "ఇటు కూర్చో. దానికి వీపు పెట్టి కూర్చో."

రత్నం టోపీ తీసేసి, మంచం అంచున అటు తిరిగి కూర్చుంది. నేనూ నర్సమ్మా పైడిని లేవదీసి ఆ వీపుకి ఆనించాం. ముఖం మెడ వంపులో పెట్టాం. మళ్ళీ పెదవులు కదిలాయి.

"ఓయ్" అంది రత్నం, ఎదురు గోడని చూస్తూ. "ఉన్నాను, పైడీ."

ఇంకా రెండుసార్లు పిలిచింది. రెండుసార్లూ రత్నమే పలికింది. తర్వాత పిలవలేదు. చాలాసేపటి దాకా రత్నం వెనక్కి తిరగలేదు, మేం తిప్పలేదు.

రత్నం నన్ను అడిగింది ఒకటే: వెనక తెరిచి ఉండే గౌను వద్దు, అందరి పిల్లల గౌను వేయాలని. పూర్ణా మార్కెట్ దగ్గర బట్ట కొని, ఆ మధ్యాహ్నమే వీపు మూసి కుట్టాను. చేతులు అప్పుడు వదులయ్యాయి. సులువుగా తొడిగాం.

ఇప్పుడు

రత్నం ఆ మెట్లు లేని గదిలోనే ఉంటోంది. ఆదివారాలు హోంకి వస్తుంది. అన్నం పెట్టడంలో ఆమెని మించినవాళ్ళు ఇప్పుడు అక్కడ లేరు. నేనూ ఒంట్లో బాగుంటే వెళ్తాను. మా నియమం అలాగే ఉంది, విన్నవాళ్ళు పలకాలి. దానికి ఒకటి చేర్చాం: పలికాక, ఆ పిల్ల ఎటు చూస్తోందో చూడాలి.

నా సంగతికొస్తే, నాది కాని పిలుపుకి ఇన్నేళ్ళు పలికాను. ఆ పిల్లకి అన్నేళ్ళూ తన అక్క దొరకలేదు గానీ, ఆ మాట వల్ల నాకు ఒక బతుకు దొరికింది. దీనికి శుక్రు చెప్పాలో క్షమాపణ అడగాలో తెలియక, నమాజులో రెండూ చెప్పుకుంటున్నాను.

మొన్న ఆదివారం కొత్తగా వచ్చిన ఒక పాప రత్నం కొంగు పట్టుకుని "అప్పా" అంది. రత్నం వెంటనే కిందికి వంగింది.

"నాను రత్నాన్ని తల్లీ" అంది మెల్లగా. "రత్నం అను. అదిగో, అప్పలకొండ అప్ప ఉన్నాది. ఆవిడ్ని పిలు, పలుకుతాది."

అటునుంచి అప్పలకొండ "ఓయ్" అంది.